పాపికొండల ఉన్ని బొమ్మ: కొండలు గోపురాల్లా లేచాయి, తప్పు ఎక్కడ?

గోదారిగట్టు (లీడ్స్), శనివారం రాత్రి 9.50

అందరికీ నమస్కారం. ఇక్కడ కుట్లు, అల్లికల చర్చలు చదువుతుంటాను గానీ రాయడం ఇదే మొదలు. నాలుగు నెలల కిందట మా లైబ్రరీలో ఒక్కరోజు క్లాసు పెడితే వెళ్లి ఫెల్టింగ్ నేర్చుకున్నాను. తెలియనివాళ్లకి చెప్తాను. ఇందులో మగ్గం లేదు, అల్లిక సూదులు లేవు. ఏకిన గొర్రె ఉన్నిని పొరలు పొరలుగా పరిచి, వేడి సబ్బునీళ్లు చల్లి, రుద్ది, చాప చుట్టినట్టు చుట్టి దొర్లిస్తే పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టేసుకుని దళసరి గుడ్డ అవుతాయి. పై పొరలో రంగు ఉన్నిని బొమ్మలా పరిస్తే ఆ బొమ్మే గుడ్డ. ఇక్కడివాళ్లు తాము తిరిగొచ్చిన కొండలూ చెరువులూ అన్నీ ఇలా చేసి గోడకి పెట్టుకుంటారు.

మా అమ్మకి వచ్చే నెల 70 నిండుతాయి. అమ్మ పుట్టిల్లు దేవీపట్నం దాటాక గోదారి ఒడ్డున. పోలవరం ముంపులో ఆ ఊరు ఖాళీ అయిపోయింది, అమ్మ ఇప్పుడు రాజమండ్రిలో ఉంటుంది. రెండేళ్ల కిందట జనవరిలో లాంచీ మీద పాపికొండలు వెళ్లినప్పుడు తీసిన ఫోటో చూసి ఉన్నితో చేద్దామని కూర్చున్నాను.

45 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు పరిచాను. మెరినో అనే జాతి గొర్రె ఉన్ని, మూడు పొరలు. ఒకదాని వెనక ఒకటి అయిదు కొండలు, మధ్యలో తెల్లటి మంచు. అంతా అయ్యాక చూస్తే వెడల్పు 30కి వచ్చింది, ఎత్తు మాత్రం 27 ఉంది. కొండలు శ్రీరంగం గోపురాల్లా నిలబడ్డాయి! మంచు ఎటు పోయిందో తెలీదు. నీళ్లు ప్లాస్టిక్ బకెట్ రంగులో ఉన్నాయి. ఏడుపొక్కటే తక్కువ.

సూదిమందు (హైదరాబాద్), శనివారం రాత్రి 10.15

అక్కా, గోపురాలు అనగానే నవ్వేశాను, ఏమనుకోకండి. నేను తడి పద్ధతి చెయ్యను, పొడి ఉన్నిని సూదితో గుచ్చి గుచ్చి చేస్తాను. మీకు సరిగ్గా చెప్పాలంటే ఉన్నిబుట్ట గారు రావాలి. అప్పటిదాకా టీ తాగండి.

నీటిరంగులు (తెనాలి), శనివారం రాత్రి 11.02

నా మాటకి కోపగించుకోవద్దు. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పినవాణ్ణి. పాపికొండల మంచు నీటిరంగుల్లో పది నిమిషాల పని. కాగితం తడిపి ఒక్క బ్రష్షు లాగితే చాలు. దానికి ఇంత ఉన్ని, సబ్బు, చాకిరీ ఎందుకమ్మా?

గోదారిగట్టు, శనివారం రాత్రి 11.20

మాస్టారూ, నాకు బ్రష్షు పట్టుకోవడం రాదు. ఇంకోటి, మా అమ్మకి చూపు బాగా తగ్గింది. చేత్తో తడిమి చూసేది ఇవ్వాలని.

నీటిరంగులు, శనివారం రాత్రి 11.31

అది చెప్పలేదు కదా. సరే, వెనక్కి తీసుకున్నాను.

ఉన్నిబుట్ట (ఇన్వర్నెస్), ఆదివారం మధ్యాహ్నం 1.10

ఇప్పుడే చూశాను. గోదారిగట్టు గారూ, మీ తప్పు ఒక్కటే. పక్కలకే దొర్లించారు. ఎటు దొర్లిస్తే అటే కుదించుకుంటుంది. వెడల్పు మూడో వంతు పోయి ఎత్తు పదో వంతే తగ్గిందంటే, చుట్టని మొదటినుంచీ చివరిదాకా ఒకే వైపు తిప్పారన్నమాట. అందుకే కొండలు సన్నబడి నిటారుగా లేచాయి.

ఎందుకలా అంటే, గొర్రె వెంట్రుక మీద చేప మీద ఉన్నట్టు పొలుసులుంటాయి. వేడి సబ్బునీళ్లకి అవి కొంచెం విచ్చుకుంటాయి. మనం నొక్కి దొర్లిస్తుంటే ప్రతి వెంట్రుకా తన కుదురు వైపుకే పాకుతుంది. వెనక్కి రావాలంటే పొలుసు అడ్డం. అలా పాకుతూ పాకుతూ పక్క పోగుల్లో చిక్కుకుంటాయి. చిక్కుకున్నది మళ్లీ విడిపోదు. మంచి స్వెటర్ని పొరపాటున వాషింగ్ మెషీన్‌లో వేడి నీళ్లలో వేస్తే చిన్నపిల్లల సైజుకి వస్తుంది చూశారా, అదీ ఇదే.

కాబట్టి యాభై సార్లు దొర్లించాక విప్పి, ముక్కని పావు వంతు తిప్పి, మళ్లీ చుట్టండి. నాలుగు వైపులా సమానంగా జరగాలి. నావి మామూలుగా 30 శాతం తగ్గుతాయి. 30 సెంటీమీటర్ల బొమ్మ కావాలంటే 30ని 0.7తో భాగించి 43 దాకా పరుస్తాను. ముందు అరచేతంత ముక్క చేసి చూసుకోండి, మీ చేతికి, మీ ఉన్నికి ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. ఆ ముక్క చెయ్యడానికి బద్ధకించి నేను పాడుచేసుకున్న బొమ్మలు అటక మీద బోలెడున్నాయి.

మంచు సంగతి. తెల్ల ఉన్నిని కొండ మీద పలచగా పరిచి ఉంటారు. తడిశాక కింది రంగు దాంట్లోంచి పైకి వచ్చేస్తుంది, తెలుపు కరిగిపోయినట్టుంటుంది. మంచుని మంచుగా వెయ్యకండి. కొండనే పాలిపోయేలా చెయ్యండి. నీలం, బూడిద, తెలుపు మూడూ చేత్తో పీకి కలిపి, మళ్లీ పీకి, మళ్లీ కలిపి, వెనకాల కొండకి ఆ కలిపిన ఉన్ని వాడండి. అన్నిటికన్నా దూరపు కొండకీ ఆకాశానికీ తేడా తెలిసీ తెలియకుండా ఉండాలి. తెల్ల ఉన్ని కొండ పాదాల దగ్గర మాత్రమే వెయ్యండి, మీరనుకున్న దానికి రెట్టింపు మందంగా.

ముందు కొండకి అంచు స్పష్టంగా కావాలంటే ఆ రంగు ఉన్నిని విడిగా పరిచి సగం పట్టేదాకా రుద్ది, కత్తెరతో కొండ ఆకారంలో కత్తిరించి బొమ్మ మీద పెట్టండి. మిగతా సగం బొమ్మతో కలిసి పట్టుకుంటుంది.

గోదారిగట్టు, ఆదివారం సాయంత్రం 6.05

యాభైకొకసారి తిప్పాలని క్లాసులో చెప్పారు, ఇప్పుడు గుర్తొస్తోంది! నేనేమో టీవీ చూస్తూ కాళ్లతో దొర్లించాను. చాలా థాంక్సండీ.

బిష్కెక్‌బాబు (కిర్గిజ్‌స్తాన్), ఆదివారం రాత్రి 8.40

కాళ్లతో దొర్లించడం తప్పేం కాదు అక్కా, ఇక్కడ గుర్రాలతో దొర్లిస్తారు!

నేను గుంటూరు వాణ్ణి, ఇక్కడ ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం. పోయిన వేసవి సెలవుల్లో మా బ్యాచ్ అంతా సోంగ్‌కోల్ సరస్సుకి వెళ్లాం. 3,000 మీటర్ల పైన ఉంటుంది, జూలైలో కూడా రాత్రిళ్లు వణికిపోయాం. దారిలో ఒక ఊళ్లో ఆడవాళ్లు నేల మీద పెద్ద రెల్లు తడక పరిచారు. దాన్ని చీ అంటారు. దాని మీద ఉన్ని, ఆ పైన రంగు ఉన్నితో గొర్రె కొమ్ముల ముగ్గులు. మరిగే నీళ్లు చల్లి, తడకతో సహా చుట్టి, తాళ్లు కట్టి తన్నుకుంటూ దొర్లించారు. పెద్దవైతే గుర్రానికి కట్టి లాగిస్తారట. దాన్ని అలా కీయిజ్ అంటారు. ఇంకో రకం షిర్దాక్. రెండు రంగుల ఫెల్టుల్ని ఒకే ముగ్గుగా కోసి, ఇందులోది అందులో, అందులోది ఇందులో పెట్టి కుట్టేస్తారు, ఏదీ వృథా పోదు. 2012లో యునెస్కో ఈ రెండిట్నీ అత్యవసరంగా కాపాడుకోవాల్సిన కళల జాబితాలో పెట్టింది. మా హాస్టల్ అవ్వ దగ్గర తన పెళ్లినాటి షిర్దాక్ ఉంది. దాని మీద మేం చెప్పులతో నడిస్తే చంపేస్తుంది.

సూదిమందు, ఆదివారం రాత్రి 9.12

తమ్ముడూ, ఆ తడక ఐడియా బాగుంది. చుట్టడానికి కింద పరిచే బబుల్ ర్యాప్ (గాలి బుడగల ప్లాస్టిక్) బదులు మన ఈతాకు చాప పనికొస్తుందా?

ఉన్నిబుట్ట, ఆదివారం రాత్రి 9.50

భేషుగ్గా. బబుల్ ర్యాప్ కన్నా గరుకు కాబట్టి త్వరగా పట్టుకుంటుంది. కాకపోతే మొదట మెల్లగా దొర్లించండి, లేకపోతే కొండలు పక్క జిల్లాకి జరుగుతాయి. పైన దోమతెర గుడ్డ ఒకటి కప్పండి.

కురుమవాడ (సిద్దిపేట), సోమవారం ఉదయం 7.30

అందరూ మెరినో మెరినో అంటున్నరు, ఇంటి గొర్రె ఎవరికీ గుర్తు రాలేదు.

మాది కురుమ ఇల్లు. మా తాత గొంగడి నేసేటోడు. దక్కని గొర్రెల బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడితే వాన నీళ్లు పైనుంచే జారిపోయేవి. ఎండకు నీడ, వానకు గొడుగు, రాత్రికి పరుపు, అన్నీ అదే. ఇప్పుడు ఆ బొచ్చు కొనేటోళ్లు తక్కువ. కత్తిరించిన కూలి కూడా రాదని చాలాచోట్ల పారేస్తున్నరు.

అక్కా, మీ బొమ్మల నది ఒడ్డున నల్ల రాళ్లు ఉంటాయి కదా. వాటికి రంగు అద్దిన నల్ల ఉన్ని వాడితే కుక్కర్ అడుగు లెక్క ఉంటది. దక్కని నలుపు వేరు. దాంట్లో గోధుమ రంగు, బూడిద రంగు, అక్కడొకటి అక్కడొకటి తెల్ల వెంట్రుక అన్నీ ఉంటాయి. అద్దకం అక్కర్లేదు.

ఉన్నిబుట్ట, సోమవారం ఉదయం 10.20

బంగారం లాంటి మాట చెప్పారు. ఒక్కటి జోడిస్తాను. మెరినో పోగు మందం 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఉంటుంది, మెత్తన, పొలుసులు ఎక్కువ, ఇట్టే పట్టుకుంటుంది. దక్కని ఉన్ని ముతక, జుట్టు కలిసి ఉంటుంది. అది ఒక్కటే పరిస్తే వదులుగా వస్తుంది, వెంట్రుకలు పైకి పొడుచుకొస్తాయి. కింద మెరినో పరిచి, పైన రాళ్లున్న చోట మాత్రం దక్కని వేసి, దాని మీద సాలెగూడంత పలచగా మెరినో కప్పండి. రాయికి ఆ పొడుచుకొచ్చే వెంట్రుకలే అందం. నేనిక్కడ ఇంగ్లండ్‌లోని కంబ్రియా కొండల గొర్రె, హెర్డ్‌విక్, వాడతాను. పిల్లలు నల్లగా పుడతాయి, పెరిగేకొద్దీ నెరుస్తాయి. ఒక్క మందలోనే బూడిద రంగులు అన్నీ దొరుకుతాయి.

కొత్తమ్మాయి, సోమవారం ఉదయం 11.05

మాది నెల్లూరు. మా ఊరి గొర్రెల ఉన్ని తీసుకోవచ్చా?

కురుమవాడ, సోమవారం ఉదయం 11.15

నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు చెల్లె. ఒంటి మీద ఉండేది పొట్టి జుట్టు. మాంసానికే పెంచుతరు.

సూదిమందు, సోమవారం మధ్యాహ్నం 12.40

కొత్తమ్మాయికి, ఇంకెవరైనా ఇక్కడ మొదలుపెట్టేవాళ్లకి నా కష్టాల్లోంచి కొన్ని.

దుకాణాల్లో ఊలు అని అమ్మేది చాలావరకు యాక్రిలిక్. నేను మొదటిసారి అది పరిచి రెండు గంటలు రుద్దాను. చేతులు పట్టుకున్నాయి గానీ అది పట్టుకోలేదు. ఒక పోగు కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతే ఉన్ని. కరిగి గట్టి పూస అయితే యాక్రిలిక్. సూపర్‌వాష్ అని రాసి ఉన్నది నిజం ఉన్నే అయినా వద్దు, కుదించుకోకుండా దాని పొలుసుల్ని ముందే అణిచేసి ఉంచుతారు.

మా బోరు నీళ్లకి సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. ఆ ఒక్క పనికి ఫిల్టర్ నీళ్లు వేడిచేసి వాడండి. చివరి జాడింపులో చెంచాడు వెనిగర్ వేస్తే సబ్బు జిడ్డు పోతుంది.

సూది పద్ధతికి వాడేవి కుట్టు సూదులు కావు, ఒంటి మీద ముళ్లలాంటి గాట్లు ఉంటాయి. ఒక్కో పోటుకి నాలుగు పోగుల్ని లోపలికి తోస్తుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 36 మొద్దు పనికి, 38 మామూలుగా, 40 సన్న పనికి. నిటారుగా గుచ్చి నిటారుగా తియ్యాలి, ఒంచితే టక్కున విరుగుతుంది. కింద ఫోమ్ పెడతారు. నేనైతే గోనె సంచిలో బియ్యం నింపి కుట్టుకున్నాను. మా అత్తగారు ఒకసారి పొరపాటున అందులో బియ్యం పొయ్యి మీద పెట్టబోయారు, అది వేరే కథ.

వేదిక నిర్వాహకులు, సోమవారం మధ్యాహ్నం 2.00

ఉన్ని అమ్మకాల లింకులు రెండు తీసేశాం. కొనుగోళ్ల కోసం విడిగా విభాగం ఉంది, అక్కడ పెట్టండి.

నీటిరంగులు, సోమవారం రాత్రి 8.15

మొన్న తీసిపారేసినట్టు మాట్లాడాను, రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను. కొన్నేళ్ల కిందట మా అబ్బాయి సెయింట్ పీటర్స్‌బర్గ్ తీసుకెళ్లాడు. అక్కడి హెర్మిటేజ్ మ్యూజియంలో ఒక గోడ పొడవునా పరదా ఉంది. సింహాసనం మీద ఒక దేవత, ఆమె చేతిలో చెట్టు కొమ్మ, ఎదురుగా గుర్రం మీద మీసాలవాడు. బొమ్మ అనుకుని దగ్గరికి వెళ్తే ఫెల్ట్! అల్తాయ్ కొండల్లో పజిరిక్ అనేచోట సమాధిలో మంచు గడ్డకట్టి ఉండబట్టి రెండు వేల ఏళ్లకి పైగా చెడకుండా ఉంది. 1940లలో రుడెంకో అనే పురాతత్వవేత్త తవ్వి తీశాడు. ఉన్నితోనే చేసిన హంస కూడా అక్కడే ఉంది. నేను ఆ రోజు అరగంట నిలబడి చూసి, ఇక్కడికొచ్చి "ఉన్ని ఎందుకు" అన్నాను చూడండి!

సరే, ఇప్పుడు నీళ్ల రంగు గురించి. అమ్మాయ్, నువ్వు ఏ నెల గోదారి చేస్తున్నావు?

గోదారిగట్టు, సోమవారం రాత్రి 9.30

ఏ నెల అంటే? ఫోటో జనవరిది మాస్టారూ.

నీటిరంగులు, సోమవారం రాత్రి 9.44

ఫోటో నీది. బొమ్మ మీ అమ్మకి. ఆవిడకి గుర్తున్న గోదారి ఏ నెలదో కనుక్కో. శ్రావణ భాద్రపదాల్లో ఇటుక రంగు. కార్తీకం దాటితే తేటపడి ఆకుపచ్చ. వేసవికి ఇసుక తేలుతుంది. నీళ్లు మారితే కొండ మారుతుంది, ఆకాశం మారుతుంది. రంగులు కలిపేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. నా పిల్లలందరికీ చెప్పేవాణ్ణి, ఒక్కడూ వినలేదు.

గోదారిగట్టు, మంగళవారం రాత్రి 10.10

ఇవాళ అమ్మకి ఫోన్ చేసి, అనుమానం రాకుండా చిన్నప్పటి సంగతులు కదిపాను. అరగంట మాట్లాడింది. అందులో జనవరి లేదు, నీలం కొండలు లేవు. అంతా వరదే. "ఎర్రనీళ్లు దిగాయంటే బడి లేదు. మబ్బు వచ్చి కొండ భుజం మీద కూర్చునేది. దుంగలు కొట్టుకొస్తే మా నాన్న వాళ్లు కొక్కేలు వేసి లాగేవాళ్లు" అంది.

ఫోటో పక్కన పెట్టేశాను. మళ్లీ మొదలు.

ఉన్నిబుట్ట, మంగళవారం రాత్రి 10.55

ఇటుక రంగు ఒక్క ఉన్నితో రాదు. ఇటుక, ఆవపిండి పసుపు, కొంచెం బూడిద. ఈసారి పూర్తిగా కలపకండి, చారలు చారలుగా ఉండనివ్వండి. నీళ్ల దగ్గర పై పొర పోగులన్నీ అడ్డంగా పరవండి, కొండ దగ్గర ఏటవాలుగా. పోగు ఎటు పడుకుంటే కన్ను అటే జారుతుంది. వరద మీద మెరుపు కావాలంటే పట్టు పోగులు నాలుగు. పట్టుకి పొలుసులు లేవు, దానంతట అది పట్టుకోదు. పైన ఒక వెంట్రుకవాసి ఉన్ని వేస్తే అదే పట్టి ఉంచుతుంది. తడిగా ఉన్నప్పుడు రంగులన్నీ ముదురుగా కనిపిస్తాయి, చూసి కంగారు పడకండి.

గోదారిగట్టు, రెండు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5.20

అయింది! ఫోటో జత చేశాను. 58కి 43 పరిస్తే 41కి 30 వచ్చింది, నాలుగు వైపులా తిప్పి తిప్పి. కొండలు కొండల్లాగే ఉన్నాయి. మూడే వేశాను, అయిదు వద్దనిపించింది. వెనకది దాదాపు మబ్బులో కలిసిపోయింది. నీళ్ల మీద పాత పట్టుచీర కొంగు పోగులు పెట్టాను. కురుమవాడ అన్నా, మీరు పంపిన బొచ్చు ఒడ్డున రాళ్లకి వేశాను. చెయ్యి పెడితే గరుకుగా తగులుతోంది, పక్కనే నీళ్లు మెత్తగా. దుంగలు రెండు సూదితో గుచ్చాను. వేలికి ఏడు పోట్లు.

కురుమవాడ, ఆదివారం రాత్రి 7.10

మా గొర్రె గోదాట్లకు దిగింది అక్కా. సంతోషం.

సూదిమందు, ఆదివారం రాత్రి 7.45

రాళ్లు చూస్తే చెయ్యి పెట్టాలనిపిస్తోంది. ఫ్రేము కట్టించేటప్పుడు గాజు బొమ్మకి తగలకుండా చూడండి, మధ్యలో పుల్లల అంచు పెట్టమనండి. రాజమండ్రి తేమకి గాజుకి అంటుకుంటే బూజు పడుతుంది. ఎండ పడే గోడ వద్దు. అన్నిటికన్నా పెద్ద శత్రువు పురుగు. ఇచ్చేముందు కవర్లో గట్టిగా మూసి కనీసం రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, గుడ్లుంటే పోతాయి.

బిష్కెక్‌బాబు, ఆదివారం రాత్రి 8.30

తడిమి చూడ్డానికి కదా, మళ్లీ గాజెందుకు?

సూదిమందు, ఆదివారం రాత్రి 8.34

అవును కదా.

గోదారిగట్టు, నెల తర్వాత, బుధవారం ఉదయం 11.00

రాజమండ్రి నుంచి రాస్తున్నాను. గాజు లేకుండానే ఇద్దామనుకున్నాను గానీ, మా అన్నయ్య దుమ్ము పడుతుందని నాకు చెప్పకుండా గాజుతో కట్టించేశాడు. వెనక మేకులు పీకి తీసి అమ్మ ఒళ్లో పెట్టాం.

ముందు వాసన చూసింది. "గొర్రె వాసన" అంది. తర్వాత చేత్తో ఎడమ నుంచి కుడికి తడుముతూ వచ్చి, రాళ్ల దగ్గర ఆగి, "ఎర్రనీళ్లే కదా?" అంది. నేను ఏమీ చెప్పలేదు అప్పటికి. రంగు మాత్రం ఆవిడకి కాస్త తెలుస్తోందట.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. "మరి రేవేదీ? రేవు పక్కన రావిచెట్టు ఉండాలిగా?" నాకు రేవు సంగతే తట్టలేదు. అయిపోయిన బొమ్మ మీద చెట్టు పెట్టొచ్చా? సూదులు వెంట తెచ్చాను.

ఉన్నిబుట్ట, బుధవారం మధ్యాహ్నం 3.15

నిస్సందేహంగా. ఉన్ని బొమ్మ ఎప్పటికీ అయిపోదు. చెట్టు మొదలుకి దక్కని, ఆకులకి మెరినో.

సూదిమందు, బుధవారం మధ్యాహ్నం 3.40

40 నంబరు సూది అక్కా. కింద బియ్యం సంచి మర్చిపోకండి, అమ్మ ఒళ్లో పెట్టుకుని గుచ్చేరు!

నీటిరంగులు, బుధవారం సాయంత్రం 4.05

చెట్టు నీడ నీళ్లలో వెయ్యకమ్మా. వరద నీళ్లలో నీడ కనపడదు.

గోదారిగట్టు, బుధవారం రాత్రి 9.20

రావిచెట్టు రేవుకి కుడి పక్కా, ఎడమ పక్కా అని అడిగాను. అమ్మ కుడి అంటోంది. ఫోన్లో పిన్ని ఎడమ అంటోంది. "నువ్వు అవతలి ఒడ్డు నుంచి చూస్తున్నావే" అని ఈవిడ, "నేను పడవలోంచి చూస్తున్నాను" అని ఆవిడ. గంట నుంచీ నడుస్తోంది. తేలాక రాస్తాను.